విప్పగలిగే ముడే మంచి ముడి

పశువును కట్టేయడం తెలియని రైతు చిత్తూరు పల్లెల్లో ఉండడు. కట్టిన పశువును ఆపదలో ఎంత తొందరగా విప్పగలమన్నది మాత్రం చాలా కొట్టాల్లో ఎవరూ పట్టించుకోని సంగతి. బోదకొట్టానికి నిప్పంటుకున్నా, గడ్డివాములోంచి పాము వచ్చినా, చెరువుకు గండి పడినా పశువు బెదిరి తాడు గుంజుతుంది. గుంజేకొద్దీ ముడి బిగుసుకుంటుంది. అంటే విప్పడం అత్యవసరమైన ఆ ఘడియలోనే మామూలు ముడి మొండికేస్తుంది. 2021 నవంబరు వానలకు తిరుపతి చుట్టుపక్కల స్వర్ణముఖి పొంగింది. రామచంద్రాపురం మండలంలో రాయలచెరువు కట్ట తెగుతుందేమోనన్న భయంతో కింది పల్లెలను ఖాళీ చేయించారు. వరద ముంచుకొస్తుంటే పశువుల కట్లు విప్పేయమని జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ సూచిస్తుంది. అర్ధరాత్రి వానలో, ఒక చేత్తో టార్చి పట్టుకుని, రెండో చేత్తో విప్పే వీలుంటేనే ఆ సూచనకు అర్థం. విడుదల మార్గం ముందే అనుకుని, ఆ తర్వాతే కట్టు వేయాలి.

మన పెద్దలకు ఈ విద్య చేతివేళ్ళలోనే ఉండేది. దాని పేరు జారుముడి. తాడును గుంజ చుట్టూ ఒకసారి తిప్పుతారు. తిప్పి తెచ్చిన కొనతో ఒక కన్నె, అంటే చిన్న వలయం, వేసి, కొనను పశువు వైపు తాడు వెనకనుంచి తెస్తారు. ఆ కొనను పూర్తిగా కన్నెలోకి దూర్చరు. మధ్యలో మడిచి, మడతను మాత్రమే దూర్చి, పశువు వైపు తాడును లాగి బిగిస్తారు. జానెడు కొన బయట వేలాడుతూ ఉంటుంది. పశువు ఎంత గుంజినా ముడి నిలుస్తుంది; మనిషి ఆ కొన పట్టి ఒక్క లాగు లాగితే మడత జారి మొత్తం ఊడుతుంది. బంధించే బలం ఒకవైపు తాడులో, విడిపించే వీలు ఇంకోవైపు కొనలో ఉండటమే ఇందులోని తెలివి. గుర్రాలను పెంచే దేశాల్లోనూ ఇదే సూత్రంతో ముడి వేస్తారు. తాడు కూడా చూసుకోవాలి. కిత్తనార, కొబ్బరిపీచు తాళ్ళు తడిస్తే ఉబ్బి ముడి గట్టిపడుతుంది. నైలాను తాడు నున్నగా ఉంటుంది కాబట్టి మడత మరీ పొట్టిగా ఉంటే దానంతటదే జారిపోతుంది. అందుకే వానాకాలం వస్తే ముడిని తడిపి, గట్టిగా గుంజి, విప్పి చూసుకోవడం మంచిది.

గుంజ దగ్గర ముడి ఒక్కటే చాలదు. మెడకు ఉరిముడి ఎప్పుడూ పనికిరాదు. పశువు కాలు జారి పడితే తన బరువే దాని గొంతు నులుముతుంది. మెడచుట్టు కన్నె బిగుసుకోనిదై, నాలుగు వేళ్ళు దూరేంత వదులుగా ఉండాలి. మనిషి అందుబాటులో లేనప్పటి కోసం మరో ఇంటి ఉపాయం ఉంది: గుంజకు పురికొసతో చిన్న ఉంగరం కట్టి, పలుపును ఆ ఉంగరానికి కట్టడం. మామూలు గుంజుళ్ళకు పురికొస ఆగుతుంది, ప్రాణభయంతో గుంజితే తెగుతుంది. సుమారు మూడడుగుల ఎత్తుండే పుంగనూరు ఆవుకూ, దానికి రెండింతలు తూగే జెర్సీ సంకరానికీ ఒకే పురి సరిపోదు. పేటలు పెంచో తగ్గించో చూసుకోవాలి. మేపేవాళ్ళు తాడును ముంజేతికి చుట్టుకోవడం, నడుముకు కట్టుకుని చెట్టుకింద కునుకు తీయడం అన్నిటికన్నా ప్రమాదకరం. తనను తాను కట్టుకున్న మనిషికి, ఎద్దు పరుగెత్తిన క్షణంలో, ఆ ముడి విప్పే చెయ్యి ఉండదు. తాడును మడతలుగా అరచేతిలో పట్టుకుంటే, గుప్పిలి తెరవడమే విడుదల.

జారుముడిని పశువే విప్పేసుకుంటుందన్న అభ్యంతరం ఉంది. నిజమే, కొన్ని ఆవులు వేలాడే కొనను నోటితో లాగుతాయి. కొనను వాటికి అందని వైపు తిప్పి పెడితే చాలావరకు తీరుతుంది. అలా కాదని కొనను మడతలోంచి దూర్చి భద్రం చేస్తే విప్పడానికి రెండు పనులవుతాయి. ఆ అలవాటున్న పశువుకే అది చేయాలి. ఇనుప గొలుసు, కొక్కెం ఇంకా గట్టివి కదా అంటారు. గట్టివే, కానీ పశువు బరువంతా వేలాడుతున్నప్పుడు మామూలు కొక్కెం తెరుచుకోదు, గొలుసును కొడవలితో కోయలేం. దొంగల భయం అన్నిటికన్నా బలమైన అభ్యంతరం. పాడి మీద బతికే ఇంట్లో ఒక ఆవు పోతే ఆ నెల జమాఖర్చులే తలకిందులవుతాయి. అయితే తాళం కొట్టం తలుపుకు వేయాలి, తాళంచెవి ఇంట్లో అందరికీ తెలిసినచోట ఉండాలి. మెడకు తాళం వేస్తే దొంగకు అడ్డమేమో గానీ, నిప్పు రేగిన రాత్రి మనకూ అడ్డమే.

ఈ విద్యకు పైసా ఖర్చు లేదు, తాడూ చేతులూ చాలు. నేర్పేవాళ్ళు తగ్గిపోవడమే దిగులు. పలుపులు అంగట్లో కొక్కెంతో సహా దొరుకుతుంటే, ముడి వేయడం తాతనుంచి మనవడికి చేరడం లేదు. తిరుపతిలో పశువైద్య విశ్వవిద్యాలయం ఉంది, పలమనేరులో పశు పరిశోధన కేంద్రం ఉంది, పల్లెల్లో టీకాల శిబిరాలు జరుగుతూనే ఉన్నాయి. టీకా వేసే పూటే పది నిమిషాలు ఈ ముడి నేర్పితే, అదీ ప్రాణరక్షణే అవుతుంది. ప్రతి ఇంట్లో పాలు పితికే ఆడవాళ్ళతో సహా అందరూ ఒకసారి దీపం ఆర్పి తమ కొట్టంలో ముడి విప్పి చూడాలి. ఒక్క లాగుకు ఊడకపోతే, ఆ ముడిని ఆ రాత్రే మార్చాలి.