గబ్బిలం పక్షి ఎందుకైంది? కేసోవరి ఎందుకు కాలేదు?

గబ్బిలం పక్షా, జంతువా అని బడిలో అడిగితే మన పిల్లలు టక్కున జవాబు చెప్తారు: పిల్లల్ని కని పాలిస్తుంది కాబట్టి క్షీరదం. జవాబు సరైనదే. కానీ దాని వెనకే ఇంకో మాట చప్పుడు లేకుండా తరగతిలోకి వస్తుంది. గబ్బిలాన్ని పక్షుల్లో కలిపి చెప్పే పెద్దలంతా తెలియనివాళ్లు అనే మాట. ఈ రెండో మాట ఎంత తప్పో తెలియాలంటే ఒక వ్యాసం, ఒక పుస్తకం చదవాలి. రెండూ పాపువా న్యూగినీ కొండ అడవుల్లో బతికే కలమ్ ప్రజల గురించినవి.

వ్యాసం 1967లో 'మాన్' అనే పత్రికలో వచ్చింది. రాసింది రాల్ఫ్ బల్మర్ అనే మానవశాస్త్రవేత్త. 'కేసోవరి పక్షి ఎందుకు కాదు?' అన్నదే దాని పేరు. కలమ్ భాషలో 'యక్త్' అనే మాట ఉంది. ఎగిరే పక్షులన్నీ అందులోకి వస్తాయి, గబ్బిలాలూ వస్తాయి. ఎగరలేని పెద్ద పక్షి కేసోవరి మాత్రం అందులోకి రాదు. దానికి 'కొబ్తి' అని వేరే పేరు, వేరే చోటు.

బల్మర్ గొప్పతనం ఏమిటంటే, దీన్ని పొరపాటుగా కొట్టిపారేయలేదు. కేసోవరి ఎగరదు, చాలా పెద్దది, దాని ఈకలు వెంట్రుకల్లా ఉంటాయి. ఈ కారణాలన్నీ చెప్పి, ఇవి మాత్రమే చాలవంటాడు. కలమ్ ప్రజలకు కేసోవరి ఆడపడుచు లాంటిది, మేనబంధువు లాంటిది. దాన్ని వేటాడేటప్పుడు రక్తం చిందకూడదు. చంపినవాడు కొంతకాలం చేమ తోట దగ్గరికి పోకూడదు. అడవికీ సాగుకీ, బంధువుకీ వేటకీ మధ్య ఉన్న కట్టుబాట్లే ఆ జీవికి వేరే చోటు ఇచ్చాయని అతని వాదం. అంటే ఒక వర్గీకరణ వెనక ఆ ప్రజల బతుకంతా ఉంటుంది.

అయితే ఈ వ్యాసానికి ఒక హద్దు ఉంది. ప్రశ్నే ఒక వైపు నుంచి పుట్టింది. శాస్త్రవేత్తల జాబితాను ముందు పెట్టుకుని, కలమ్ జాబితా దానికి ఎక్కడ తేడాగా ఉందో అక్కడ 'ఎందుకు' అని అడిగారు. శాస్త్రవేత్తలు గబ్బిలాన్ని పక్షుల నుంచి ఎందుకు తీసేశారని ఒక కలమ్ వేటగాడు అడిగితే ఆ వ్యాసం ఎలా ఉండేది? అందులో కలమ్ ప్రజలు జవాబులిస్తారు, ప్రశ్నలు వేయరు.

ఆ లోటును పదేళ్ల తర్వాత వచ్చిన పుస్తకం చాలావరకు తీర్చింది. 1977లో అచ్చయిన 'బర్డ్స్ ఆఫ్ మై కలమ్ కంట్రీ' మీద ఇద్దరు రచయితల పేర్లున్నాయి. ఒకరు బల్మర్, ఇంకొకరు కలమ్ మనిషి ఇయాన్ సేయెమ్ మజ్నెప్. పేరులోనే 'నా' అనే మాట ఉంది, ఆ 'నా' మజ్నెప్‌ది. మజ్నెప్ చెప్పింది ఒక అచ్చులో, బల్మర్ చేర్చింది వేరే అచ్చులో వేశారు. ఏ మాట ఎవరిదో చదివేవాళ్లకు తెలిసిపోతుంది. చిన్న పనిలా కనిపించే ఇది నిజానికి న్యాయమైన పని.

'అయినా చివరికి శాస్త్రమే కదా సరైనది' అని ఉపాధ్యాయులు అడగవచ్చు. శాస్త్రం గీసిన గీతలు కూడా చాలాసార్లు మారాయి. 1758లో లిన్నేయస్ గబ్బిలాలను మనిషి, కోతులతో ఒకే గుంపులో పెట్టాడు. ఆ తర్వాత చాలాకాలం పండ్లు తినే పెద్ద గబ్బిలాలు ఒక శాఖ, పురుగులు తినే చిన్నవి ఇంకో శాఖ అనుకున్నారు. డీఎన్ఏ పరీక్షలు వచ్చాక, చిన్నవాటిలో కొన్ని పెద్ద గబ్బిలాలకే దగ్గరి చుట్టాలని తేలింది. మన దేశంలోనే తమిళనాడు పశ్చిమ కనుమల్లో 1948లో దొరికిన ఒక గబ్బిలం ముంబయి సంగ్రహాలయంలో తప్పు పేరుతో 24 ఏళ్లు ఉంది. 1972లో థాయ్‌లాండ్ శాస్త్రవేత్త కిట్టి థోంగ్‌లోంగ్యా దాన్ని కొత్త జాతిగా గుర్తించి, సలీం అలీ పేరు పెట్టాడు. మలేసియా వానాడవుల్లో ఒకే జాతి అనుకున్నవాటిలో కొన్ని 131 కిలోహెర్ట్జ్ దగ్గర, కొన్ని 142 దగ్గర కూస్తున్నాయని కనిపెట్టి, అవి రెండు వేరు జాతులని తేల్చారు. మనిషి చెవికి ఆ కూత అందదు. సన్నని వలలు కట్టి పట్టుకున్నా, చెట్ల కొనల మీద ఎగిరేవి ఎక్కువగా వలలో పడవు. తెలిసింది తప్పయితే దిద్దుకోవడమే శాస్త్రం బలం. అలాంటి శాస్త్రం పేరు చెప్పి పెద్దల్ని తక్కువ చేయడం తగదు.

అలాగని మన పెద్దలకు అన్నీ ముందే తెలుసని గొప్పలు చెప్పుకోవడమూ తగదు. 'యక్త్' అనే మాట ఏ జీవి ఏ జీవి నుంచి పుట్టిందో చెప్పదు. ఆ ప్రశ్నకు ఎముకలు, పళ్లు, డీఎన్ఏ కావాలి. ఏ జీవిని ఎప్పుడు వేటాడకూడదో, ఎవరు తినకూడదో డీఎన్ఏ చెప్పదు. దానికి ఆ అడవిలో బతికినవాళ్లు కావాలి. మన జ్ఞానం శాస్త్రంతో సరిపోలితేనే విలువ అనుకుంటే, సరిపోలని చోట దాన్ని మనమే పారేస్తాం. బల్మర్ వ్యాసం నేర్పేది ఇదే: సరిపోలని చోటే ఎక్కువ ఆలోచన దాగి ఉంటుంది.

కాబట్టి ఉపాధ్యాయులు గబ్బిలం పాఠం చెప్పిన రోజున పిల్లలకు ఇంకో పని కూడా పెట్టాలి. ఇంట్లో పెద్దల్ని అడగమనాలి: మన భాషలో గబ్బిలాలకు ఎన్ని పేర్లు ఉన్నాయి? ఏది ఏ చెట్టు మీద, ఏ గుహలో ఉంటుంది? ఏది ఏ పండు తింటుంది? వాటిని ఏ జీవులతో కలిపి చెప్తారు, ఎందుకు? జవాబును మన భాషలోనే రాయాలి. చెప్పినవాళ్లు ఒప్పుకుంటే వాళ్ల పేరు పక్కనే రాయాలి. పుస్తకం చివర 'స్థానిక నామం' అనే గడిలో ఒక్క ముక్కగా మిగిలిపోవడానికి మన మాటలు పుట్టలేదు. మజ్నెప్ తన పేరును పుస్తకం అట్ట మీదికి తెచ్చుకున్నాడు. మన యువత అంతకన్నా తక్కువకు ఒప్పుకోకూడదు.