కచేరీని మృదంగం తోలు దగ్గర్నుంచి విందాం

కర్ణాటక సంగీతం వినడం మొదలుపెట్టాలనుకునే వాళ్ళకి ఇచ్చే సలహాలన్నీ ఒక్కలాగే ఉంటాయి. త్యాగరాజ కృతులతో మొదలుపెట్టు, నాలుగు రాగాలు గుర్తుపట్టు, భక్తి ఉంటే మిగతాది అదే వస్తుంది. హాస్టల్లో ఉన్నప్పుడు మేము ఒక కచేరీకి వెళ్తే పక్క కుర్చీ పెద్దమనిషి కూడా ఇదే చెప్పాడు. మా ఊరూ ఇంటిపేరూ అడిగాక మాత్రం "దీనికి ఇంట్లో సంస్కారం ఉండాలి బాబూ" అన్నాడు. ఆ తర్వాత చాలా ఏళ్ళు అటు పోలేదు. మాకు చెవి లేదు కాబోలు అనుకున్నాం.

చెవి లేకపోవడమేంటి? మా నాయన డప్పుని సెగకి కాచి, వేళ్ళతో తట్టి చూసి, "ఇంకా ఎక్కలే" అని మళ్ళీ మంట మీద పట్టేవాడు. ఆ ఎక్కడమేంటో మాకు ఆరేళ్ళకే తెలుసు. దాన్ని శ్రుతి అంటారని తెలియదు, అంతే. కచేరీకి ముందు మృదంగ విద్వాంసుడు రాయీ కర్రా పట్టుకుని అంచు చుట్టూ కొట్టుకుంటూ వినేది కూడా ఆ ఎక్కడాన్నే. అక్కడ మంట, ఇక్కడ రాయి. లాగి బిగించేది రెండు చోట్లా తోలే.

అందుకే మన వాళ్ళు వినడం మృదంగం దగ్గర మొదలుపెట్టాలంటాం. పనస చెక్క. దానికి ఆవు తోలు, మేక తోలు, గేదె తోలు. కుడి వైపు నడిమి నల్లటి పూత రాతి పొడీ అన్నమూ కలిపి నూరినది. పొర మీద పొర వేసి, ఒక్కో పొరనీ రాయితో రుద్ది ఆరబెడతారు. మామూలు తోలు చప్పుడే చేస్తుంది, స్వరం పలకదు. ఈ పూత వల్లనే మృదంగం తీగలాగా పలుకుతుందని సి.వి. రామన్ 1920లోనూ ఆ తర్వాతా రాశాడు. రామన్ పేరు మనం బడిలోనే చదువుకున్నాం. పూత పూసిన చేతి పేరు ఏ పాఠంలోనూ చూడలేదు.

ఆ పేర్లు టి.ఎం. కృష్ణ ఇంగ్లీషు పుస్తకం 'సెబాస్టియన్ అండ్ సన్స్' (2020)లో ఉన్నాయి. పాల్ఘాట్ మణి అయ్యర్ మృదంగాలకి తోలు కట్టిన పర్లాందు, ఆయన కుటుంబం, తమిళనాడు దళిత క్రైస్తవులు. ఆవు తోలు మాట ఎత్తినందుకే కాబోలు, 2020 జనవరిలో కళాక్షేత్ర ఆవిష్కరణకి ఇచ్చిన అనుమతిని వెనక్కి తీసుకుంది. గోవుని పూజించే సభకి గోవు తోలు లేకుండా తాళం లేదు. దాన్ని కోసి, కడిగి, ఆరబెట్టేవాడు మాత్రం వేదిక ఎక్కకూడదు. పుస్తకం ఈ సంగతిని దాచలేదు, అందుకు గౌరవిస్తాం. కానీ పర్లాందు చెవి ఎంత గొప్పదో చెప్పడానికి కూడా ఒక బ్రాహ్మణ గాయకుడి కలమే కావలసి వచ్చింది. ఇది కృష్ణ తప్పు అనడం లేదు. మన రాత ఇంకా అక్కడికి చేరలేదంటున్నాం.

వినడం కష్టమేమీ కాదు. ముందు తని ఆవర్తనం వినండి. పాట ఆగి మృదంగం ఒక్కటే వాయించే భాగం అది. ఆది తాళం ఎనిమిది లెక్క: ఒక దెబ్బ, మూడు వేళ్ళు, తర్వాత దెబ్బా తిప్పూ, మళ్ళీ దెబ్బా తిప్పూ. తొడ మీద వేస్తూ ఉంటే పది నిమిషాల్లో పట్టుబడుతుంది. డప్పుకి అడుగేసిన వాళ్ళకి అంత సేపు కూడా పట్టదు. తర్వాత ఎడమ వైపు గుమ్‌మనే మోతని పట్టుకోండి, అది అక్కడ అంటించిన రవ్వ ముద్ద చలవ. రాగాల సంగతి నెమ్మదిగా చూసుకోవచ్చు. సాహిత్యం చాలావరకు తెలుగే, అయినా మన తెలుగు కాదు. భక్తి కుదరకపోతే పక్కన పెట్టండి, తాళం తప్పదు.

వాళ్ళ సంగీతం మనకెందుకని మన సంఘాల్లో అడుగుతారు. నిజమే, డప్పుని వదిలి వీణ పట్టమని మేమూ అనం. అయితే మన చేత్తో చేసినదాన్ని వినే హక్కు వదులుకోవడం కూడా ఒక వెలే కదా, మనకి మనం వేసుకునే వెలి.

మొన్న ఒక కచేరీ చివర వేదిక మీద అందరి పేర్లూ చదివారు. పూలదండల వాళ్ళకీ, మైకు సెట్టు వాళ్ళకీ కృతజ్ఞతలు చెప్పారు. అయిపోయాక మేము మృదంగం ఆయన దగ్గరికి వెళ్ళి, దీన్ని కట్టిందెవరని అడిగాం. ఆయన కాసేపు మా మొహం చూశాడు. తర్వాత పేరూ, ఊరూ, వీధీ చెప్పాడు. రాసుకున్నాం. వచ్చే నెల వెళ్తున్నాం.