పన్నులే కేంద్ర ఖజానాకు ఆధారమా? ఒక వాదంపై విమర్శ

స్టెఫానీ కెల్టన్ 2020లో వెలువరించిన ‘ది డెఫిసిట్ మిత్’ గ్రంథంలోని ప్రధాన వాదం ఇది: సొంత ద్రవ్యం గల కేంద్ర ప్రభుత్వం పన్ను వసూలు చేశాక ఖర్చు పెట్టదు, ముందు ఖర్చు పెడుతుంది, ఆ సొమ్మే తర్వాత పన్నుగా తిరిగి వస్తుంది. పన్ను పని ఖజానా నింపడం కాదు. ద్రవ్యానికి గిరాకీ కల్పించడం, ధరలను అదుపులో ఉంచడం. గ్రంథం అమెరికాను ఉద్దేశించినది. దానిని మన దేశానికి యథాతథంగా అన్వయించేవారు సగం నిజాన్నే పట్టుకున్నారు.

వాదంలోని బలాన్ని ముందు ఒప్పుకోవాలి. నాగారం వాసి ఇంటిపన్ను కట్టకపోతే అక్కడి వీధి దీపాలకూ, మురుగు కాలువలకూ సొమ్ము ఆ మేరకు తగ్గుతుంది. స్థానిక సంస్థ నోట్లు అచ్చు వేయలేదు, రాష్ట్రమూ వేయలేదు. ఢిల్లీ సంగతి వేరు. ఈ తేడా హైదరాబాదువారికి కొత్త కాదు. ఒకప్పుడు నిజాం సర్కారుకు సొంత హాలీ సిక్కా ఉండేది. ఏడు హాలీ రూపాయలకు ఆరు భారత రూపాయల లెక్కన అది క్రమంగా తొలగి, 1959లో పూర్తిగా రద్దయింది. ద్రవ్యం సృష్టించే సర్కారు పోయి, ద్రవ్యం సంపాదించుకోవలసిన సర్కారు వచ్చింది.

ఇంతకంటే గట్టి సాక్ష్యం రిజర్వు బ్యాంకు చరిత్రలో ఉంది. 1955 ఒప్పందం ప్రకారం కేంద్రం నగదు నిల్వ నిర్ణీత మొత్తం కంటే తగ్గినప్పుడల్లా ‘అడ్‌హాక్’ ట్రెజరీ బిల్లులు పుట్టేవి, బ్యాంకు ఖాతా నింపేది. పన్ను కోసం ఎదురు చూడవలసిన పని లేదు! 1997లో ఈ పద్ధతి ముగిసింది. 2003 నాటి ద్రవ్య బాధ్యత చట్టం వల్ల, 2006 ఏప్రిల్ నుంచి సాధారణ పరిస్థితుల్లో బ్యాంకు ప్రభుత్వ పత్రాలను నేరుగా కొనరాదు. అంటే నేటి కట్టడి చట్టం విధించినదే గాని ద్రవ్య స్వభావంలో ఉన్నది కాదు.

అయితే చట్టం తొలగితే అంతా సుగమమా? 1991లో రూపాయలకు కొరత లేదు, విదేశీ ద్రవ్యానికి ఉంది. సుమారు 47 టన్నుల బంగారం తాకట్టు పెట్టవలసి వచ్చింది. చమురు రూపాయి నోట్లతో రాదు. ద్రవ్య సార్వభౌమత్వం అన్ని దేశాలకూ సమానం కాదని కెల్టన్ కూడా అంగీకరించింది. ఆ మాటను ఇక్కడి అనుయాయులు అంతగా తలవరు.

ఇక అనువాదకుల పొరపాటు ఒకటి. కేంద్ర ఖజానాను ‘బైతుల్‌మాల్’ అని రాయడం అలవాటైంది. ఖలీఫాల కాలపు బైతుల్‌మాల్‌లో ధాన్యం, పశువులు, వెండి బంగారాలు ఉండేవి. అది నిజంగా ఖాళీ కాగలదు. రిజర్వు బ్యాంకు పద్దు ఆ అర్థంలో ఖాళీ కాదు. జకాత్‌ను కూడా ఈ చర్చలోకి లాగరాదు. అది ఎనిమిది వర్గాలకు నిర్దేశించిన హక్కు, ప్రభుత్వ ఆదాయం కాదు.

ముస్లిం పాఠకుడు పట్టించుకోవలసినది వడ్డీ విషయం. 2025-26 బడ్జెట్ లెక్కలో వచ్చే రూపాయిలో 24 పైసలు అప్పు, పోయే రూపాయిలో 20 పైసలు వడ్డీ. కెల్టన్ వాదం నిజమైతే ఈ వడ్డీ అనివార్యం కాదు, పార్లమెంటు ఎంచుకున్నది. అది ఎవరికి చేరుతోంది? బ్యాంకులకు, బీమా సంస్థలకు, ప్రావిడెంటు నిధులకు. నాగారం నుంచి రోజూ పనికి పోయే ఉద్యోగి పొదుపు కూడా వాటిలోనే ఉంది.