పాటని ఆపడం తెలిసినవాళ్లు

వైర్ బ్యాండ్ తొలి ఆల్బమ్ ‘పింక్ ఫ్లాగ్’లో ‘ఫీల్డ్ డే ఫర్ ది సండేస్’ అనే పాట 28 సెకన్లలో అయిపోతుంది. ఆదివారం పత్రికలకెక్కి పరువు పోగొట్టుకోవాలని ఉబలాటపడే ఒక మనిషి గోడు అది. చెప్పాల్సింది చెప్పేశాడు, పాట ఆగిపోయింది. పల్లవి మళ్లీ రాదు, గిటార్ విన్యాసాలుండవు. ఆ ఆల్బమ్‌లో మొత్తం 21 పాటలు, అన్నీ కలిపి 35 నిమిషాలు. పాటని ఎక్కడ ఆపాలో రాక్ సంగీతంలో వీళ్లకి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదని ఎవరితోనైనా పందెం కాస్తాను.

1976లో లండన్‌లో కలిశారు. కోలిన్ న్యూమన్, బ్రూస్ గిల్బర్ట్, గ్రాహమ్ లూయిస్, రాబర్ట్ గోటోబెడ్. ఆర్ట్ కాలేజీ గాలి సోకినవాళ్లే గానీ, వాయించడంలో ఆరితేరి మొదలుపెట్టినవాళ్లు కారు. మొదట్లో జార్జ్ గిల్ అనే ఇంకో గిటారిస్టు ఉండేవాడు. అతనికి కాలు విరిగి రిహార్సళ్లకి రాలేకపోయిన రోజుల్లో, మిగతావాళ్లు అతని సోలోలు తీసేసి వాయించి చూసుకుంటే పాటలు ఇంకా బాగున్నాయట. అతనూ వెళ్లాడు, సోలోలూ వెళ్లాయి.

మాటలు అయిపోతే పాట అయిపోయినట్టే. ఇదీ వీళ్ల నియమం. వినడానికి సులువుగానే ఉంటుంది, చేసి చూస్తే తెలుస్తుంది కష్టం. గోటోబెడ్ డ్రమ్స్‌నే పట్టుకుని వినండి. ఎక్కడా ఆడంబరం లేదు, నేనున్నానని చాటుకునే దెబ్బ ఒక్కటీ లేదు. ‘పింక్ ఫ్లాగ్’ పేరుతోనే ఉన్న పాట, చక్ బెర్రీ ‘జానీ బి. గుడ్’ని ఒకే గిటార్ కార్డ్ మీద వాయిస్తే ఎలా ఉంటుందన్న సరదాతో పుట్టిందంటారు. కార్డ్ మారుతుందని ఎదురుచూసే చెవిని అలాగే నిలబెట్టి, డ్రమ్స్‌తో బిగించుకుంటూ పోతారు. చివరికి అరుపులతో అది పగిలిపోయేదాకా వదలరు.

నా ఓటు మాత్రం 1978లో వచ్చిన ‘చెయిర్స్ మిస్సింగ్’కే. నిర్మాత మైక్ థోర్న్ కీబోర్డులు తోడయ్యాయి, పాటలు కాస్త సాగాయి, రంగులు చేరాయి. అందులో ‘అవుట్‌డోర్ మైనర్’ అనే పాట ఉంది. ప్రేమ పాటలాంటి తీయటి బాణీ. తీరా చూస్తే అది ఆకు తొలుచు పురుగు మీద కట్టిన పాట! టమాటా ఆకుల మీద తెల్లటి వంకర గీతలు చూసిన రైతుకి ఆ పురుగు పాత శత్రువే. ఆల్బమ్‌లో రెండు నిమిషాలు కూడా లేని ఆ పాటని, సింగిల్‌గా విడుదల చెయ్యడానికి మధ్యలో పియానో చేర్చి పొడిగించారు. బ్రిటన్ చార్టులో 51వ స్థానం దాకా వెళ్లి ఆగింది. పొడిగించని పాటే అందం అని నా వాదన.

1979లో ‘154’ వచ్చింది. అప్పటిదాకా చేసిన కచేరీల లెక్కే దాని పేరు. మరుసటి ఏడాది లండన్‌లోని ఎలక్ట్రిక్ బాల్‌రూమ్ అనే హాల్లో జరిగిన కచేరీలో పాత పాటల కోసం జనం గోల పెడుతుంటే, వీళ్లు కొత్తవీ వింతవీ వినిపించి విడిపోయారు. 1985లో మళ్లీ కలిసినా ఆ మొండితనం పోలేదు. 1987 అమెరికా పర్యటనలో ‘ఎక్స్ లయన్ టేమర్స్’ అనే అభిమానుల బృందాన్ని వెంట తీసుకెళ్లి, ‘పింక్ ఫ్లాగ్’ అంతా వాళ్లచేత వాయించి, తాము కొత్త పాటలే పాడారు. అడిగినదాన్ని ఇంత దర్జాగా కాదన్న కళాకారులు ఎంతమంది?

ఇక కడుపు మండే సంగతి. వైర్ నుంచి నేర్చుకున్నవాళ్లలో మర్యాదస్తులున్నారు. వైర్ పాటల్లో ‘స్ట్రేంజ్’ని ఆర్.ఇ.ఎం. బ్యాండ్, ‘12ఎక్స్‌యు’ని మైనర్ థ్రెట్ బ్యాండ్ ఎవరి పాటో చెప్పుకునే పాడారు. తొంభైలలో వచ్చిన ఎలాస్టికా బ్యాండ్ వారి ‘కనెక్షన్’లో మాత్రం వైర్ పాట ‘త్రీ గర్ల్ రుంబా’ గిటార్ బాణీ అలాగే దిగిపోయింది. వ్యవహారం కోర్టు బయట రాజీతో ముగిసింది. మన సినిమా బాణీల గొడవలు ఎరిగినవాళ్లకి ఇందులో వింతేమీ ఉండదు. ‘కనెక్షన్’ హుషారైన పాటే, కాదనను. కానీ వైర్ ఒకటిన్నర నిమిషం లోపే చాలించిన బాణీని సాగదీసి అమ్ముకున్న తీరు నాకు మింగుడు పడదు. ఇప్పుడైతే మరీ అన్యాయం. గిటార్ కాస్త గీరుకుపోయి, గాయకుడు పాడటం మానేసి విసుక్కుంటే చాలు, వైర్ లాంటి బ్యాండ్లకి పెట్టిన ‘పోస్ట్ పంక్’ అనే పేరుతో చీటీ అంటించేస్తున్నారు. అరుపు పట్టుకున్నారు, పొదుపు వదిలేశారు.

‘పింక్ ఫ్లాగ్’ని ఫోన్‌లో ముక్కలు ముక్కలుగా వినకండి. ‘రాయిటర్స్’తో మొదలుపెట్టి ‘12ఎక్స్‌యు’ దాకా వరస తప్పకుండా ఒక్కసారి వినండి. అర్ధగంట పైన ఐదు నిమిషాల పని. ఆ వెంటనే ‘చెయిర్స్ మిస్సింగ్’ వినండి. అప్పుడు కూడా మొదటిదే గొప్పదంటే, రండి, వాదించుకుందాం.