ఆట నుంచి కోడ్‌కు: తొలి కోడింగ్ బోధనలో నియమ భాష - ఒక విమర్శనాత్మక పరిశీలన

1. ఉపోద్ఘాతం

కోడింగ్‌ను ఆటలతో నేర్పాలన్న ఆలోచన కొత్తది కాదు. సేమూర్ పేపర్ట్, సింథియా సాలమన్ తదితరులు 1967లో రూపొందించిన లోగో భాషలో తర్వాత చేరిన ‘తాబేలు’ పిల్లల ఆదేశాల ప్రకారం కదులుతూ బొమ్మలు గీసేది. 1990లలో టిమ్ బెల్, ఇయాన్ విటెన్, మైక్ ఫెలోస్ రూపొందించిన ‘కంప్యూటర్ సైన్స్ అన్‌ప్లగ్డ్’ కంప్యూటర్ లేకుండానే ఆ శాస్త్ర భావనలను తరగతి గదిలోకి తెచ్చింది. 2007లో ఎం.ఐ.టి. మీడియా ల్యాబ్ స్క్రాచ్‌ను విడుదల చేసింది. 6-8 తరగతుల దశలో కోడింగ్ కృత్యాలను ప్రవేశపెట్టాలని 2020 నాటి జాతీయ విద్యా విధానం పేర్కొంది. ఈ నేపథ్యంలో, ఆడిన ఆట కోడింగ్ జ్ఞానంగా ఎప్పుడు మారుతుందన్నది పరిశీలించవలసిన ప్రశ్న.

2. మనిషే యంత్రమైనప్పుడు

తరగతుల్లో తరచుగా కనిపించే కృత్యం ‘రోబో ఆట’. ఒక విద్యార్థి ఆదేశిస్తాడు, మరొకడు రోబోగా నడుస్తాడు. ఎన్ని అడుగులో చెప్పకుండా “ముందుకు నడువు” అన్నా, రోబోగా నటించే పిల్లవాడు బల్ల దగ్గర ఆగిపోతాడు. ఆదేశంలోని లోపాన్ని తన ఇంగితంతో పూడుస్తాడు. యంత్రానికి ఆ ఇంగితం ఉండదు. కోడింగ్‌లో తొలి పాఠం అదే. ఆ పాఠమే ఈ ఆటలో మరుగున పడుతుంది.

అన్‌ప్లగ్డ్‌లోని ‘సార్టింగ్ నెట్‌వర్క్’ ఇందుకు భిన్నమైనది. పిల్లలు సంఖ్యల కార్డులు పట్టుకొని నేలపై గీసిన గీతల వెంట నడుస్తారు. ఇద్దరు కలిసిన చోట చిన్న సంఖ్య ఒక వైపుకు, పెద్ద సంఖ్య మరో వైపుకు వెళ్లాలి. ఒక్కచోట దారి తప్పినా చివరి వరుస తారుమారు కావచ్చు. అప్పుడు వెనక్కి నడిచి తప్పు జరిగిన చోటును గుర్తించవచ్చు. తప్పును చూపగలగడమే ఈ ఆట విలువ. పేపర్ట్ 1980లో ప్రచురించిన ‘మైండ్‌స్టార్మ్స్’లో దోషాన్ని వెతికి సరిదిద్దడానికి ఇచ్చిన ప్రాధాన్యం ఈ సందర్భంలో గమనార్హం.

3. వామనగుంటలు: నియమం పలికే తీరు

తెలుగు పిల్లలకు పరిచితమైన వామనగుంటల ఆటలో ఆవృత్తి సహజంగానే ఉంది. గుంటలోని చింతపిక్కలు తీసి, వరుసగా గుంటకొకటి వేయాలి. ఈ నియమాన్ని తెలుగులో రెండు విధాలుగా చెప్పవచ్చు: “చేతిలో పిక్కలు ఉన్నంతవరకు వేయాలి”, “పిక్కలు అయిపోయే దాకా వేయాలి”. ఆటలో రెండింటి ఫలితం ఒకటే. కోడ్‌లో మాత్రం షరతులు పరస్పర విరుద్ధం. మొదటిది కొనసాగడానికి షరతు, రెండవది ఆగడానికి షరతు.

స్క్రాచ్‌లోని ‘రిపీట్ అన్‌టిల్’ రెండవ వాక్యానికి, పైథాన్‌లోని ‘వైల్’ మొదటి వాక్యానికి సన్నిహితాలు. స్క్రాచ్‌కు అలవాటుపడిన విద్యార్థి ‘పిక్కలు సున్నా’ అన్న షరతునే ‘వైల్’కు ఇస్తే, చేతిలో పిక్కలు ఉన్నందువల్ల ఆ ఆవృత్తి ఒక్కసారి కూడా నడవదు. దీన్ని అజాగ్రత్తగానో తెలివితక్కువతనంగానో లెక్కగట్టడం సరికాదు. ‘ఉన్నంతవరకు’, ‘అయ్యే దాకా’ అనే రెండు ప్రయోగాల భేదం బోధనలో స్పష్టం కాకపోవడమే దీనికి మూలం.

4. ముగింపు

కనుక ఆటకూ కోడ్‌కూ నడుమ మరో మెట్టు అవసరం. ఆడిన నియమాన్ని విద్యార్థి తెలుగులో రాయాలి. ఆ ఆట తెలియని మరో జట్టు, రాసిన మాటలను మాత్రమే అనుసరించి ఆడాలి. ఆట ఆగిన చోట నియమాన్ని సవరించాలి. ఆ తర్వాతే కోడ్ రాయాలి. ఇందులో భాషోపాధ్యాయుని పాత్ర గణితోపాధ్యాయుని పాత్రకు తీసిపోదు.

అయితే కంప్యూటర్ లేని బడికి ఆటే చాలునన్న వాదన అంగీకారయోగ్యం కాదు. అన్‌ప్లగ్డ్ రూపకర్తలే తమ కృత్యాలకు కొనసాగింపుగా కంప్యూటర్‌పై చేసే అభ్యాసాలను జోడించారు. మాటను అక్షరాలా అమలు చేసే యంత్రం ఎదుట నిలిచినప్పుడే విద్యార్థి రాసిన నియమం పరీక్షకు గురవుతుంది. ఆ అవకాశం కొన్ని బడులకే పరిమితమైతే, మిగిలిన పిల్లలకు దక్కేది ఆట మాత్రమే, కోడింగ్ కాదు.