అవయవ మార్పిడి పొందినవారికి మూడవ టీకా: ఒక పరిశీలన

ఇతరుల మూత్రపిండమును శరీరము పరాయిదిగా పసిగట్టి తిరస్కరించును. ఆ తిరస్కారమును అణచుటకు రోగి నిత్యము మందులు మ్రింగవలెను. టాక్రోలిమస్ టి-కణముల చురుకును తగ్గించును. మైకోఫినొలేట్ లింఫు కణములు వృద్ధి కాకుండ ఆపును. టీకా ఫలింపవలెనన్నను ఈ కణములే కదలవలెను గదా! కాపలావానిని నిద్రపుచ్చి దొంగ ఆనవాళ్లు చెప్పినట్లున్నది. 2021లో కోవిడ్ టీకాపై వెలువడిన కొన్ని పరిశోధనలను ఈ చిక్కును మనసున ఉంచుకొని చదువవలెను.

అమెరికాలో జాన్స్ హాప్కిన్స్ వారు మొదటి మోతాదు తరువాత 436 మందిని పరీక్షింపగా 17 శాతమునకే ప్రతిరక్షకములు కనబడినవి. రెండు మోతాదులైన పిమ్మట 658 మందిలో 54 శాతమునకు కనబడినవి. ముందుగా హెచ్చరించిన గౌరవము వారికి చెల్లవలసినదే. అయితే పోల్చుటకు ఆరోగ్యవంతుల గుంపు లేదు, టి-కణములను చూడలేదు. ప్రతిరక్షకము కనబడనంత మాత్రమున టీకా వృథా యనరాదు. కనబడినంత మాత్రమున రక్షణ దొరికినదనియు అనరాదు. వారి పట్టికలో మిక్కిలి పనికివచ్చు సంగతి వేరొకటి. మైకోఫినొలేట్ తరగతి మందులు వాడువారిలో 43 శాతమునకు, వాడనివారిలో 82 శాతమునకు ప్రతిరక్షకములు పుట్టినవి. ఇది చదివి ఎవరైన తమంతట తామే మాత్రలు మానినచో అవయవమునకే ముప్పు.

ఫ్రాన్సులోని టులూజ్ వారు 101 మందికి మూడు మోతాదులు ఇచ్చినారు. మూడవదానికి ముందు 40 శాతము, నాలుగు వారముల పిమ్మట 68 శాతము. మంచి పెరుగుదలయే. కాని అందరికిని టీకాయే వేసినారు. ఇందులో మూడవ సూది పాలెంత, కాలము పాలెంత అని అడిగినచో ఆ పత్రమున జవాబు లేదు.

జవాబు కెనడాలోని టొరంటో వారు ఇచ్చినారు. చీటీలు వేసినట్లు 120 మందిని రెండు భాగములు చేసి, ఒక భాగమునకు మూడవ మోతాదును, రెండవదానికి వట్టి ఉప్పునీటిని ఎక్కించినారు. ఎవరికేది అందినదో రోగికి తెలియదు. ముందుగా నిర్ణయించుకొన్న మట్టమును అందుకొన్నవారు టీకా భాగమున 60 మందిలో 33, ఉప్పునీటి భాగమున 57 మందిలో 10. ఈ పదిమందియే నా దృష్టిలో ఆ పత్రమునకు ప్రాణము. ఉప్పునీటితో ఉన్నవారిలోను ఇందరు తేలినారనిన, వారిని తీసివేసిన తరువాతనే గదా టీకా ఘనత తెలియుట! టి-కణములను కూడ కొలిచినారు. అవియు టీకా భాగముననే హెచ్చు.

అయినను ఆ మట్టము పరిశోధకులు ఎంచుకొన్న గీత మాత్రమే. జబ్బు ఎందరికి తప్పినదో 120 మందితో తేలదు. టీకా భాగములో తక్కిన 27 మందికి మూడవ సూది తరువాతను ఆ గీత అందలేదు. వారికి నాలుగవ మోతాదా, మందుల మార్పా, ఇంటిల్లిపాదికి టీకాయా అన్నది ఆ పత్రము పరిధిలో లేని ప్రశ్న.