తుప్పును లొంగదీసే చేతులు

ఖమ్మం దాటి కొత్తగూడెం, పాల్వంచ మీదుగా భద్రాచలం వెళ్లే అడవి దారిలో బొగ్గూ, సారపాక పేపరు మిల్లుకు జామాయిల్ కర్రా మోసే పాత లారీలు ఇంకా కనిపిస్తాయంటే ఆ పుణ్యం డీజిల్ మేస్త్రీలది.

వానాకాలమంతా కదలని బండి ట్యాంకులో నీరు చేరుతుంది. ట్యాంకు నుంచి డీజిల్ లాగే ఫీడ్ పంపు పిస్టన్ తుప్పుతో పట్టేస్తుంది, దాన్ని ఇంజెక్షన్ పంపుకు పట్టి ఉంచే బయటి నట్లూ బిగుసుకుపోతాయి. పనితనం తెలిసేది ఇక్కడే. బలం చూపిస్తే స్టడ్ విరిగి, ఖరీదైన ఇంజెక్షన్ పంపులోనే ఉండిపోతుంది. అందుకే మేస్త్రీ వైరు బ్రష్షుతో మురికి గీకి, కిరోసిన్ పోసి, కాసేపు వదిలేస్తాడు. చిన్న సుత్తితో నట్టు చుట్టూ తడతాడు. రింగు పానాతో కాస్త విప్పుతాడు, మళ్లీ బిగిస్తాడు, ఇంకాస్త విప్పుతాడు. ఆ ఓపికను ఎంత మెచ్చుకున్నా తక్కువే.

ట్యాంకు కడగకుండా కొత్త పంపు పెట్టడం పనే కాదు. రాగి వాషర్లూ కొత్తవే వేయాలి, లేకపోతే గాలి లాగుతుంది. చివరగా ఫిల్టరు మీది స్క్రూ వదులు చేసి చేతిపంపు కొడతాడు. ముందు నురగ, తర్వాత బుడగ లేని డీజిల్. స్క్రూ బిగించి కేకేస్తాడు: “సెల్ఫ్ కొట్టన్నా!”